టంకశాల గడ్డ మీద ఇంగ్లీషు నుడికారం

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ఊరికి దక్షిణంగా కిలోమీటరు దూరం నడిస్తే కోటగడ్డ వస్తుంది. చూడడానికి మామూలు మట్టిదిబ్బ. దాని గురించి 1900లో హెన్రీ కజిన్స్ లోకానికి తెలియజేశాడు. 1940-42లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ అక్కడ తవ్వకాలు జరిపించారు. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. అన్నిటినీ మించి నాణేలు బయటపడ్డాయి. రాగివి, సీసానివి, పోటిన్ అనే మిశ్రమ లోహానివి, వెండివి అన్నీ కలిపితే దాదాపు 2,000. ఒకే దిబ్బలో ఇన్ని దొరికేసరికి ఇది టంకశాలలున్న పట్నమని పండితులు భావించారు. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది.

ఈ మండలంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ జిల్లా పరిషత్ బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు గ్రామరుకు భయపడతారని అందరూ అంటారు. నేను చూసినంతవరకు వాళ్ళు ఎక్కువగా బెదిరేది నుడికారం దగ్గర. వాక్యంలో ప్రతి మాటకూ అర్థం తెలుసు, వాక్యం మాత్రం తెలియదు. డిక్షనరీ తిప్పితే ఇంకా గందరగోళం. ఆ చోటు దాటించడానికి నాకు పుస్తకాల కన్నా ఈ దిబ్బ, దీనికి నలభై కిలోమీటర్ల లోపు ఉన్న ఫ్యాక్టరీలు, పొలాలు ఎక్కువ అక్కరకొచ్చాయి. మనుషులు ఏ పనులు చేసి బతికారో ఆ పనుల్లోంచే నుడికారం పుడుతుంది. పని ఆగిపోయినా మాట మిగులుతుంది. పని ఏమిటో చూపిస్తే పిల్లవాడు మాటను తానే పట్టుకుంటాడు. ఇక్కడ నాకు చూపించడానికి రెండు వేల ఏళ్ళ పనులు దొరికాయి.

శాతవాహనుల వెండి నాణేలు కొన్నిటి మీద ఒకవైపు రాజు ముఖం, చుట్టూ ప్రాకృతంలో రాజు పేరు ఉంటాయి. తిప్పి చూస్తే అదే సంగతి ఒక ద్రావిడ భాషలో ఉంటుంది. అది తమిళమా, తెలుగుకు దగ్గరి భాషా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఒకే నాణెం, రెండు వైపులా రెండు భాషలు. ఇవాళ తెలుగు పేపర్లలో ‘నాణేనికి మరోవైపు’ అని రాయని రోజుండదు. ఈ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తలను రాత్రి డెస్కుల్లో గబగబా తెలుగు చేసిన సబ్ ఎడిటర్ల చేతుల మీదుగా వచ్చిన సరుకు ఇది. ‘మొసలి కన్నీరు’, ‘వెలుగులోకి వచ్చింది’, ‘బంతి మీ కోర్టులో ఉంది’, ‘ఎర్ర తివాచీ పరిచారు’ అన్నీ అలా వచ్చినవే. ఇవన్నీ తెలుగును పాడుచేశాయని కోప్పడే పెద్దలున్నారు. నేను వాళ్ళతో పూర్తిగా ఏకీభవించను. కొండాపూర్‌లో రోమన్ నాణేన్ని చూసి మట్టితో చేసుకున్న బిళ్ళలు కూడా దొరికాయి. దూరదేశపు రాజు బొమ్మ నచ్చితే మనవాళ్ళు దాన్ని మన మట్టితో అచ్చుపోసి మెడలో వేసుకున్నారు. పరాయి నుడికారం కూడా మన మట్టిలో ఇమిడితే నిలుస్తుంది. నాణేన్ని ఇటూ అటూ తిప్పి చూడని తెలుగువాడు లేడు కాబట్టి ‘మరోవైపు’ నిలిచింది. టెన్నిస్ కోర్టు చూడని ఊళ్ళో ‘బంతి మీ కోర్టులో ఉంది’ అన్నది ఇప్పటికీ ఒంటికి పట్టని చొక్కాలాగే ఉంది.

నాణేల దగ్గర ఇంకాసేపు ఆగాలి. నా పాఠాల్లో అన్నిటికన్నా బాగా పండినవి ఇవే.

ఇంగ్లీషువాళ్ళు ఒకరి మాట నమ్మదగినదిగా తోస్తే ‘ఇట్ రింగ్స్ ట్రూ’ అంటారు. సరిగ్గా మోగింది అని. మాట మోగడమేమిటని పిల్లలు నోరు తెరుస్తారు. మా తాత ఉన్నప్పుడు సంగారెడ్డి అంగట్లో సేటు వెండి రూపాయిని రాతిబండ మీద వేసి చెవి ఒగ్గి వినేవాడట. మంచి వెండి ఖంగున మోగుతుంది. కల్తీ అయితే చప్పుడు మొద్దుబారిపోతుంది. ఆ సంగతి చెప్పి ఒక రూపాయి బిళ్ళను బల్ల మీద విసిరి చూపిస్తే ‘రింగ్ ట్రూ’కు ఇంకో వివరణ అక్కర్లేదు. సీసం నాణెం ఎంత అసలైనదైనా మోగదు. కాబట్టి శాతవాహనుల సీసం నాణేలను పట్టుకున్న వర్తకుడు వేరే పరీక్ష ఏదో చేసి ఉంటాడు. మరి సీసం నాణేన్ని ఎలా పరీక్షించేవారని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పటి టీకొట్టువాడు కూడా చెవితోనే నమ్ముతాడు. ఫోన్‌తో డబ్బు పంపినా, గల్లా పక్కనున్న డబ్బా ‘పది రూపాయలు అందాయి’ అని పలికితేనే గ్లాసు చేతికిస్తాడు.

చెడ్డ నాణెం సంగతి ఇంకా బాగుంటుంది. మనం ‘చెల్లని కాసు’ అంటాం. ఎందుకూ పనికిరానివాడని అర్థం. మా తాత ఉర్దూ మీడియంలో చదివినవాడు, ఆయన ‘ఖోటా సిక్కా’ అనేవాడు. ఆ మాట వెంట ఉర్దూ హిందీల్లో ఇంకో మాట నడుస్తుంది, ఖోటా సిక్కాయే ఒక్కోసారి కష్టకాలంలో ఆదుకుంటుందని. ఇంగ్లీషువాళ్ళ ‘బ్యాడ్ పెన్నీ’ వేరే దారి పట్టింది. వద్దనుకున్నా మళ్ళీ మళ్ళీ ఎదురొచ్చే మనిషిని వాళ్ళు అలా అంటారు. చెల్లని నాణేన్ని ఎవరూ దాచుకోరు, పక్కవాడికి అంటగడతారు, అది చేతులు మారి మారి చివరికి మొదటివాడి దగ్గరికే వస్తుంది. ఒకే నాణెం. తెలుగువాడు దాన్ని అంగట్లో కాదన్న క్షణంలో చూశాడు, ఉర్దూవాడు సంచి అడుగున చూశాడు, ఇంగ్లీషువాడు తిరిగొచ్చినప్పుడు చూశాడు. ‘బ్యాడ్ పెన్నీ అంటే చెల్లని కాసు’ అని గైడులో రాసిన అర్థం వల్లించిన పిల్లవాడు పరీక్షలో గట్టెక్కుతాడేమో గాని, వాక్యంలో వాడబోతే తప్పులో పడతాడు.

దమ్మిడీ కథ చెప్పకుండా ఉండలేను. షేర్షా, అక్బరుల కాలంలో ‘దాం’ అనే రాగి నాణెం ఉండేది. రూపాయికి నలభై దాంలు. అందులో ఎనిమిదో వంతు దమ్రీ. మన ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’లో ఉన్నది ఆ చిన్న లెక్కే. 1886లో యూల్, బర్నెల్ ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు వేశారు. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోట నలిగిన మాటల కోశం అది. ఇంగ్లీషులో తిట్టులా వాడే ‘ఐ డోంట్ కేర్ ఎ డ్యామ్’ అన్న మాటలో ఉన్నది మన రాగి దామేనని వాళ్ళు ఊహించారు. తర్వాతి నిఘంటుకారులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోలేదు, అది శాపానికి వాడే మాటేనన్నారు. తీర్పు వాళ్ళ పక్షానే ఉన్నా యూల్, బర్నెల్‌ల ఊహను పిల్లలకు చెబుతాను. దమ్మిడీకీ కొరగాడని తిట్టే మనకూ, డ్యామ్ అంత కూడా లెక్కచేయననే వాళ్ళకూ చిన్న నాణెం మీదున్న చులకన ఒక్కటేనని పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

నాణేలు పోయినా మాటలు పోవని చూపడానికి ‘పదహారణాల’ చాలు. 1957 ఏప్రిల్ 1న దేశం దశాంశ పద్ధతికి మారింది, రూపాయికి పదహారణాల లెక్క పోయి నూరు నయా పైసలయ్యాయి. అణా కళ్ళతో చూడని అమ్మాయిలు పండుగకు లంగా ఓణీ వేసుకుని ఫొటో పెట్టి ‘పదహారణాల తెలుగమ్మాయి’ అని రాసుకుంటున్నారు. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది, ‘పావలా వడ్డీ’ మహిళా సంఘాల నోట ఇంకా ఉంది. మా తాత కాలంలో హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం, హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు, యంత్రంతో కొట్టినదని. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. హాలీలు కొట్టిన టంకశాల 1903లో సైఫాబాద్ చేరింది, 1997లో చర్లపల్లికి వెళ్ళింది. హైదరాబాద్‌లో మింట్ కాంపౌండ్ అన్న పేరు అలాగే ఉండిపోయింది. సెకండ్‌హ్యాండ్ బండ్ల ప్రకటనల్లో ‘మింట్ కండిషన్’ అని చూసినప్పుడు, అప్పుడే టంకశాలలోంచి వచ్చిన నాణెంలా ఉందనే అర్థం అందులో ఉందని మా పిల్లలకు చెప్పక్కర్లేదు. కోటగడ్డ మ్యూజియంలో అద్దాల కింద అరిగిపోయిన నాణేలను చూసినవాళ్ళకు అరగని నాణెం విలువ తెలుసు.

మన నుడికారాన్నీ ఇంగ్లీషు నుడికారాన్నీ పక్కపక్కన పెట్టిన పని కొత్తదేం కాదు. సీపీ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. 1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యూ. కార్ మద్రాసులో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ వేశాడు. రెండు వేలకు పైగా తెలుగు సామెతలు, వాటి ఇంగ్లీషు అనువాదాలు, చాలావాటి కింద ఇంగ్లీషులోని సాటి సామెతలు. సైన్యంలో ఉద్యోగి ఆ శ్రమ ఎందుకు పడ్డాడంటే, సామెత తెలియనివాడికి ఇక్కడి జనం మాట తెలియదని ఆయనకు అర్థమైంది. మనం ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు చేయాల్సిన పనిని వాళ్ళు తెలుగు నేర్చుకోవడానికి చేశారు.

అయితే అదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కథ. మాది నిజాం రాజ్యం. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పింది, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. అందుకే మా తాత తరానికి నుడికారం అంటే ముహావరా. ‘నామ్‌కే వాస్తే’, ‘ఖుల్లంఖుల్లా’ మా ఇళ్ళలో తెలుగులో భాగంగానే పెరిగాయి. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిశాక కచేరీ భాష మారింది, ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. సగం జీవితం ఒక భాషలో అర్జీలు రాసిన మనుషులు మిగతా సగం ఇంకో భాషలో రాయాల్సి వచ్చింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అదే తర్వాత సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ అయింది. ఉపాధ్యాయుల శిక్షణ అక్కడి నుంచి మా దాకా పారింది. వాక్య నిర్మాణం, ఉచ్చారణ శ్రద్ధగా నేర్పారు, అందుకు రుణపడి ఉన్నాను. నుడికారాన్ని మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళవన్నట్టు వదిలేశారు.

ఒక దారి చర్చి వైపు నుంచి వచ్చింది. పాత మెదక్ జిల్లాలో పుట్టిన మాకు మెదక్ చర్చి తెలియకుండా ఎలా ఉంటుంది? చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. ఇంగ్లీషు నుడికారంలో పెద్ద భాగం బైబిలు నుంచి వచ్చిందే. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే పిల్లలకు తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు ముందే చుట్టాలు. తరగతిలో వెనక బెంచీ నుంచి లేచి ‘ప్రాడిగల్ సన్’ కథ మొత్తం చెప్పిన పిల్లలు నాకు గుర్తున్నారు. ఆ రోజు తరగతికంతటికీ వాళ్ళే టీచర్లు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆదుకునేవాళ్ళకు రక్షణ కల్పించే నియమాలకు ప్రభుత్వం ‘గుడ్ సమారిటన్’ అనే పేరే పెట్టింది. పటాన్‌చెరు మీదుగా పోయే ముంబై హైవే పక్కన బతికేవాళ్ళకు ఆ మాట తెలియడం ప్రాణావసరం.

పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో వచ్చింది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆ పొలాల్లో కూలికి వెళ్ళారు. వాళ్ళ పిల్లలకు ‘సెపరేట్ ద వీట్ ఫ్రమ్ ద చాఫ్’ చెప్పడం నాకు ఇష్టమైన పాఠం. గింజ, పొట్టు వేరుచేయడం. చేట ఎత్తిపట్టి గాలివాటున జారవిడిస్తే గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, పొట్టు ఎగిరిపోతుంది. మన భాషలో దీన్నే తూర్పారబట్టడం అంటాం. అదే మాట నుడికారంగా మారినప్పుడు దాని గుణం వేరు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబట్టిందంటే దుమ్ము దులిపిందని అర్థం. ఇంగ్లీషువాడి చూపు గింజ మీద ఆగింది, మన చూపు ఎగిరే పొట్టు మీద, ఆ ఊపు మీద ఆగింది. ఈ తేడా తెలియకుండా ఒకదాన్ని ఇంకోదానికి బదులు పెడితే వాక్యం తలకిందులవుతుంది.

మా నాన్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఫిట్టర్. 1960లలో చెకోస్లొవేకియా సాయంతో వచ్చిన కర్మాగారం అది. ఆవిరి టర్బైన్లు అక్కడి పెద్ద పని. తెలుగువాళ్ళు, తమిళులు, ఉత్తరాదివాళ్ళు ఒకే షాపులో పనిచేసే చోట డ్రాయింగులు, నోటీసులు ఇంగ్లీషులో ఉండేవి. పదో తరగతి గట్టెక్కని మా నాన్న నోట ‘టాలరెన్స్’, ‘క్లియరెన్స్’, ‘అలైన్‌మెంట్’ అలవోకగా పలికేవి. తర్వాత ఆయన ఆ మాటలను మనుషులకు వాడడం మొదలుపెట్టాడు. బావలిద్దరికీ పొత్తు కుదరకపోతే ‘వాళ్ళకు అలైన్‌మెంట్ కుదర్తలేదు’ అనేవాడు. నుడికారం పుట్టే తీరు నేను మొదట చూసింది మా ఇంట్లోనే.

పాఠ్యపుస్తకంలో ఒకసారి ‘రన్ ఔట్ ఆఫ్ స్టీమ్’ వచ్చింది. “టీచర్, ఆవిరి అయిపోవుడేంది? ఆవిరైతే మంచిదే గద, చల్లగుంటది” అన్నాడొకడు. వాడు అన్నదాంట్లో తెలుగు మొత్తం ఉంది. మనకు ఆవిరి అంటే పోవడం. ఆశలు ఆవిరవుతాయి, చెరువులో నీళ్ళు ఆవిరవుతాయి. ఇంగ్లండులో ఆవిరి రైలును లాగింది, మగ్గాన్ని నడిపింది, గనిలో నీళ్ళు తోడింది. వాళ్ళకు ఆవిరి అంటే బలం. అది అయిపోతే సత్తువ అయిపోయినట్టు. కోపం వెళ్ళగక్కడం ‘లెట్ ఆఫ్ స్టీమ్’, బాయిలరు పగలకుండా ఆవిరిని కాస్త వదలడం. మరుసటి వారం మా నాన్నను బడికి తీసుకెళ్ళాను. ఆయన బోర్డు మీద టర్బైన్ గీసి, ఆవిరి రెక్కల మీద పడి ఎలా తిప్పుతుందో చెప్పాడు. ప్రెషరు పడిపోతే యంత్రం ఎలా మూలుగుతుందో నోటితో చేసి చూపించాడు. పిల్లలు ఆ పాఠాన్ని మరిచిపోలేదు. వాళ్ళలో ఇప్పుడు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లయిన ఇద్దరు ముగ్గురు కనిపిస్తే ఇంకా అడుగుతారు, ‘నాన్నగారు ఎట్లున్నరు టీచర్’ అని.

యంత్రాలతో వచ్చిన మాటల్లో కొన్ని తెలుగులో ఎంత కుదురుకున్నాయంటే, అవి బయటివని ఎవరికీ తోచదు. ‘వానికి స్క్రూ లూజు’, ‘నట్టు లూజు’ ఇంగ్లీషు నుడికారానికి అచ్చమైన తెలుగు బిడ్డలు. ఫ్యూజు మాత్రం దారి మార్చుకుంది. ఇంగ్లీషులో ‘బ్లో ఎ ఫ్యూజ్’ అంటే కోపంతో చిందులేయడం. మనకు ఫ్యూజులు ఎగిరిపోయాయంటే దిమ్మతిరిగిపోవడం, నోట మాట రాకపోవడం. నేను పిల్లలకు గట్టిగా చెప్పేది ఇదే. ఒకే పోలిక కనిపించగానే అర్థం ఒకటే అనుకోవద్దు. రెండు వాక్యాలు విను, ఎవరు ఎప్పుడు వాడారో చూడు, తర్వాత నీ వాక్యం రాయి.

ఈ పారిశ్రామిక ప్రాంతంలో కొన్ని నుడికారాలు పుస్తకం నుంచి రాలేదు, ఇంటి తలుపు తట్టి వచ్చాయి. 1985లో పార్లమెంటు నష్టాల్లో ఉన్న కంపెనీల కోసం చట్టం చేసింది, దాని పేరులోనే ‘సిక్’ అన్న మాట ఉంది. జబ్బుపడిన కంపెనీలు. తెలుగు పేపర్లు దాన్ని ‘ఖాయిలా పరిశ్రమ’ చేశాయి. మంచి అనువాదం అది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఖాయిలా అన్న మాట పటాన్‌చెరు, బొల్లారం కూలి వాడల్లో పిల్లలకు కూడా తెలిసిపోయింది. దాని వెంటే ‘గోల్డెన్ హ్యాండ్‌షేక్’ వచ్చింది, స్వచ్ఛంద పదవీ విరమణకు పెట్టిన ముద్దు పేరు. మా నాన్న స్నేహితుడు, వేరే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక బాబాయి, పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. “బిడ్డా, నువ్వు ఇంగ్లీషు టీచరమ్మవు గద. గీ గోల్డెన్ హ్యాండ్‌షేక్ అంటే బంగారమేమన్నా ఇస్తరా?” అని అడిగాడు. “లేదు బాబాయి. కొంత డబ్బు చేతిలో పెట్టి, చేయి కలిపి, ఇంటికి పొమ్మంటరు” అని చెప్పాను. ఆయన కాసేపు పేపరు వైపే చూసి, “పొట్ట మీద కొట్టుడని రాయొచ్చు గద” అన్నాడు. ఆ బాబాయి చెప్పిన తెలుగు ఆ ఇంగ్లీషు కన్నా నిజమైనది. అందమైన పోలిక చేదు నిజాన్ని ఎలా కప్పుతుందో పెద్ద తరగతుల పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ మాటనే తీసుకుంటాను. నుడికారం అర్థం చేసుకోవడమంటే దాన్ని ఎవరు, ఎవరి మేలు కోసం వాడుతున్నారో పట్టుకోవడం కూడా.

ఎద్దుమైలారంలో 1984లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది, సైన్యానికి సాయుధ శకటాలు చేస్తుంది. ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ అంటే మొత్తానికి మొత్తం అని చెప్పేటప్పుడు పాత తుపాకీ మూడు భాగాలు, పేల్చే మర, కర్ర పిడి, గొట్టం బొమ్మ గీస్తే చాలు. అక్కడి పిల్లలకు ఆయుధాల ఫ్యాక్టరీ ఇంటి ముచ్చటే.

హైటెక్ సిటీ పక్కన ఇంకో కొండాపూర్ ఉంది. ఫోన్‌లో కొండాపూర్ అని వెతికితే అదే ముందు వస్తుంది. మా పిల్లలు చాలామంది ఈ కొండాపూర్ నుంచి ఆ కొండాపూర్‌కు ఉద్యోగాలకు వెళ్ళారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ చేసి, “టీచర్, మా మేనేజర్ ‘లెట్స్ టచ్ బేస్’ అన్నడు, నేను యెస్ అనేసిన, ఏంది టీచర్ అది?” అని అడిగింది. బేస్‌బాల్ ఆటలోంచి వచ్చిన మాటని చెబుతారు, ఒకసారి మాట్లాడుకుందామని అర్థం. మనకు క్రికెట్ తెలుసు, ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’, ‘హిట్ ఫర్ సిక్స్’ చెప్పకుండానే పట్టుబడతాయి. అవి లండన్‌వాడితో చెల్లుతాయి, షికాగోవాడితో చెల్లవు. అందుకే ఉద్యోగానికి వెళ్ళే పిల్లలకు నేను చెప్పేదేమిటంటే, ముందు వినడానికి ఎక్కువ నుడికారాలు నేర్చుకోండి, మాట్లాడడానికి కొన్నే పెట్టుకోండి. అవతలివాడి ఆట ఏమిటో తెలియనప్పుడు సాదా మాట చాలు. ఇంటర్వ్యూలో నుడికారం దండగుచ్చినట్టు వాడితే తెలివిగా కనిపిస్తామన్నది బస్టాండులో అమ్మే చిన్న పుస్తకాలు నాటిన భ్రమ. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అని వల్లించని తెలుగు పిల్లవాడు లేడు. వాన పడుతుంటే ఆ మాట అనే ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు అరుదు. ఆ పుస్తకాలు కొనుక్కున్న డబ్బు కూలివాళ్ళ కష్టార్జితం, అందుకే నాకు అంత బాధ.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. దాని మంచిచెడ్డల వాదన ఇంకోచోట చేయొచ్చు. నా వరకు కనిపిస్తున్నదేమిటంటే, ఇప్పుడు నుడికారం ఇంగ్లీషు పీరియడు దాటి సైన్సులోకి, సోషల్‌లోకి వచ్చింది. ‘బాటిల్‌నెక్’, ‘బ్యాక్‌బోన్’, ‘మైల్‌స్టోన్’ అన్ని పాఠాల్లోనూ తగులుతున్నాయి. లెక్కల సారు కూడా నుడికారం చెప్పాల్సిందే. రిటైరయ్యాక సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టుకుంటున్నాను. వాళ్ళకు నేనిచ్చే హోంవర్కు ఒక్కటే. అమ్మా నాన్నా చేసే పనిలోంచి, మనుషుల గురించి చెప్పడానికి వాడే ఒక మాట పట్టుకురావాలి. పెయింటింగ్ పనికి పోయే ఒకాయన కొడుకు ‘పుట్టీ పెట్టిండు’ తెచ్చాడు, తప్పును కనబడకుండా మూసేశాడని. ఇంగ్లీషులో ‘పేపర్ ఓవర్ ద క్రాక్స్’ దానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది. సెల్‌ఫోన్ దుకాణం నడిపే ఇంటి పిల్ల అలసిపోయినవాళ్ళ గురించి ‘చార్జింగ్ అయిపోయింది’ తెచ్చింది. ‘రన్ ఔట్ ఆఫ్ స్టీమ్’ కింద దాన్ని రాసుకున్నాం.

పాశమైలారం ఫ్యాక్టరీలకు బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు మా బల్లల మీద ఉన్నారు. మొన్న వాళ్ళలో ఒకడు తన తండ్రి లేబర్ కాంట్రాక్టరు గురించి చెబుతూ ‘ఉన్‌కా సిక్కా చల్తా హై’ అన్నాడు. ఆయన నాణెమే నడుస్తుంది, అంటే ఆయన చెప్పిందే వేదం. బోర్డు మీద రాయించాను. తెలుగులో ఏమంటామని అడిగితే ఏడో తరగతి పిల్ల ‘ఆయన మాట చెల్లుతది’ అంది. కాసు చెల్లినట్టే మాట కూడా చెల్లుతుందని వాళ్ళే కనిపెట్టి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంగ్లీషులో ‘హీ కాల్స్ ద షాట్స్’ అని రాసి, ఈ షాట్ తుపాకీదా, బల్ల మీద ఆడే బిలియర్డ్స్‌దా అని రెండు ఊహలూ వాళ్ళ ముందు పెట్టాను. వచ్చే శనివారానికి ఎద్దుమైలారం నుంచి ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ గారిని రమ్మని అడిగాను, వస్తానన్నారు.